టిక్కుపానా

కొండ మీది పేట, మెట్ల కింద గది
మార్చి 3

నాన్నమ్మకు,

నమస్కారాలు. ఫోనులో అడగబోతే "పనిముట్ల సంగతి నోటిమాటగా చెప్పను, కాగితం మీద అడుగు" అని ఠపీమని పెట్టేశావు. బస్సుల డిపోలో ముప్ఫై ఒక్కేళ్ళు పనిముట్ల స్టోరు చూసినదానివి, నీ రూలు నీది. ఇదిగో కాగితం.

ఉద్యోగం బాగుంది. రోజుకు ఏడిళ్ళు. కట్లు మార్చడం, ఇంజెక్షన్లు, మంచం దిగలేనివాళ్ళ చేత కాళ్ళూ చేతులూ ఆడించడం. బస్సు కొండ సగం దాకే వస్తుంది కాబట్టి సొంత బండి ఉన్న నర్సుకే ఈ దారి ఇస్తామన్నారు. అందుకని ఒక పాత స్కూటరు కొన్నాను. దానికి దగ్గుమహారాజు అని పేరు పెట్టాను. రోజుకో రోగం. దాన్ని మెకానిక్కు దాకా తోసుకెళ్ళి, ఆయన టీ తాగి వచ్చేదాకా నిలబడి, మళ్ళీ తోసుకొచ్చేసరికి సగం పూట చెల్లు. పోయిన వారం రెండిళ్ళు తప్పాయి. అందులో ఒకరు టైలరు గారు. కాలి పుండుకు రోజూ కట్టు మార్చాలి. నేను వెళ్ళని రోజున ఆయనే విప్పుకుని, కత్తెరతో ఏదో సవరించుకున్నారట.

మా పెద్దనర్సు పిలిచి, "జూన్ ఆఖరు దాకా చూస్తాను. ఇళ్ళు తప్పుతూ ఉంటే నువ్వు వార్డుకు, ఈ దారి ఇంకొకరికి" అంది. నాకు ఈ దారి కావాలి నాన్నమ్మా. వార్డులో నేనెవరో ఎవరికీ పట్టదు. ఇక్కడ నేనొచ్చే వేళకు తలుపు తీసిపెట్టి కూర్చుంటారు.

కాబట్టి ఇకనుంచి నా బండి నేనే బాగుచేసుకుంటాను. నాన్నను అడిగితే "నాకు చేతకాదు, నాన్నమ్మను అడుగు" అన్నాడు. గోడ గడియారంలో సెల్లు కూడా అమ్మ చేతే వేయిస్తాడు ఆయన. నీ కడుపున పుట్టి ఇలా ఎలా తయారయ్యాడో.

బజారులో ఒక సెట్టు చూశాను. నూట ఎనిమిది ముక్కలు, నల్లపెట్టె, లోపల ఎర్రటి మెత్త, అన్నీ అద్దాల్లా మెరుస్తున్నాయి. కొనేయనా?

నీ పిడుగు


వెనకగది, రెండో అంతస్తు
మార్చి 9

పిడుగుకు,

దీవెనలు. కొనకు.

ఇక్కడితో ఆపితే నువ్వు కొంటావని తెలుసు కాబట్టి కారణాలు కూడా రాస్తున్నాను.

నూట ఎనిమిది ముక్కలన్నావు. నీ స్కూటరుకు ఎన్ని సైజుల బోల్టులున్నాయో చూశావా? చూడలేదు. నేను చెబుతాను, ఆరో ఏడో ఉంటాయి. మిగతా నూరు ముక్కలూ పెళ్ళిఫొటోలో వెనక వరసలో నిలబడ్డ చుట్టాల్లాంటివి. ఎవరో ఎవరికీ తెలియదు, ఫొటో మాత్రం నిండుగా ఉంటుంది. ఇక మెరుపంటావా, మెరుపు చూసి పానా కొనేవాళ్ళూ ఫొటో చూసి మొగుణ్ణి ఎంచుకునేవాళ్ళూ ఒకే జాతి. ఇద్దరికీ బరువు పడ్డాకే అసలు సంగతి తెలుస్తుంది.

ముందు బండి పక్కన పీట వేసుకుని కూర్చో. ప్రతి బోల్టూ చూసి, ఏ సైజువి ఎన్ని ఉన్నాయో రాసుకో. ఆ సైజులే కొను, విడివిడిగా కొను. పది నంబరుది రెండు కొను, ఎందుకంటే అందరికీ కావలసిందీ, అందరికన్నా ముందు మాయమయ్యేదీ అదే.

షాపుకు వట్టి చేతులతో వెళ్ళకు. పర్సులో ఒక కొత్త బోల్టు వేసుకుని వెళ్ళు. రింగుపానా దానికి తొడిగి అటూ ఇటూ కదుపు. కొంచెం కదలాలి. గలగలలాడితే కింద పెట్టెయ్. బోల్టు తల మీద టోపీలా తొడిగే సాకెట్టు కొనేటప్పుడు లోపల ఆరు మూలలే ఉన్నది తీసుకో. పన్నెండు మూలలది తొడగడానికి సుఖంగా ఉంటుంది కానీ మొండి బోల్టు దగ్గర జారుతుంది. కటింగ్ ప్లేయరును వెలుతురుకు అడ్డం పెట్టి మూతి మూసి చూడు. కొసల మధ్య వెలుగు కనబడితే అది దేన్నీ పట్టదు. కత్తిరించే చోట పలచటి కాగితం పెట్టి నొక్కు. తెగాలి, మడత పడకూడదు. స్క్రూడ్రైవరు పిడి పట్టి చూసేముందు చేతికి చుక్క వంటనూనె రాసుకో. నీ చేతులు పని దగ్గర పొడిగా ఉండవు కదా. నేనలా సీసాతో వెళ్ళేదాన్ని. నన్ను చూడగానే షాపువాళ్ళు మంచి సరుకు ముందే బల్ల మీద పెట్టేవాళ్ళు, గౌరవంతో కాదు, తొందరగా వదిలించుకుందామని.

వెనకగదిలో గోడ మీది బోర్డు నీకు గుర్తుండాలి. ప్రతి పానా ఆకారం తెల్లపెయింటుతో గీసి ఉంటుంది, పక్కన ఒక మేకు. ఏది తీసుకున్నా ఆ మేకుకు తీసుకున్నవాళ్ళ ఇత్తడి బిళ్ళ తగిలించాలి. డిపోలో అదే రూలు, ఇంట్లోనూ అదే. ఒకటో నంబరు నాది. రెండు మీ తాతది, ఆయన పోయాక నా పెట్టెలో ఉంది. మూడు మీ నాన్నది.

వాడి చేతకానితనం గురించి నువ్వు పెద్దగా హాస్యాలాడనక్కర్లేదు. నెలనెలా మొదటి ఆదివారం వస్తాడు, ముందుగదిలో కూర్చుంటాడు, నా మోకాలి గురించి అడుగుతాడు, టీ తాగి వెళతాడు. అది చాలు.

నాన్నమ్మ


కొండ మీది పేట
ఏప్రిల్ 6

నాన్నమ్మకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పనిముట్లు సమకూర్చుకున్నాను. పని మొదలుపెట్టాను. ప్లగ్గు విప్పి శుభ్రం చేశాను, కేబులు మార్చాను, బ్రేకు సరిచేశాను. ఈ నెలలో ఒక్క ఇల్లే తప్పింది. టైలరు గారి పుండులో ఎర్రటి కొత్త కండ వస్తోంది. మంచి గుర్తు.

పక్కమూత బోల్టు ఒకటి మాత్రం అంచులు అరిగి గోళీలా గుండ్రంగా అయిపోయింది. పాత బండి కదా. చేతికి చిన్న దెబ్బ తగిలింది, ఏం లేదు.

పని ఉంది, తర్వాత వివరంగా రాస్తాను.

పిడుగు


వెనకగది
ఏప్రిల్ 12

పిడుగుకు,

నీ ఉత్తరం పొట్టిది, అబద్ధాలు మాత్రం పుష్కలం.

"సమకూర్చుకున్నాను" అన్నావు. ఒక్కొక్కటీ ఎంచి కొన్న మనిషి షాపువాడి మొహం గురించే ఒక పేజీ రాస్తుంది. నువ్వు ఒక ముక్క రాశావు. అంటే నల్లపెట్టె నీ మంచం కింద ఉంది. బోల్టు అంచులు వయసు మీద పడి అరగవు తల్లీ, వదులు సాకెట్టు తొడిగి తిప్పితే అరుగుతాయి. ఇక "చిన్న దెబ్బ". నీ రాత కుడివైపు వాలేది, ఈసారి కర్రలా నిలబడింది. చూపుడువేలూ నడిమివేలూ కణుపుల దగ్గర చీరుకుపోయి, కలం ఉంగరపువేలితో పట్టుకుని రాశావు. పానాను ముందుకు తోశావు, అది జారింది, చెయ్యి వెళ్ళి ఇంజనుకు తగిలింది. పానాను ఎప్పుడూ నీ వైపుకు లాగాలి. జారినా గాలికే తగులుతుంది.

పెట్టె కొన్నందుకు తిట్టను. నా వయసులో తిట్టు కూడా పొదుపుగా వాడాలి. దాచినందుకు మాత్రం తిడతాను. తప్పు చేసిన రోజే చెప్పేస్తే అది వేలెడంత ఉంటుంది. దాచిపెట్టి చూడు, నీ కంచంలో తిని నీ ఎత్తు పెరుగుతుంది. డిపోలో కొత్తగా చేరినవాళ్ళకు ఇదే చెప్పేదాన్ని. మనిషి అబద్ధం చెబితే కనిపెట్టవచ్చు. పనిముట్టు అబద్ధం చెబితే బస్సు నిండా మనుషులుంటారు.

దీనితోపాటు బోర్డు మీది పది నంబరు రింగుపానా పంపుతున్నాను. మీ తాతకన్నా పాతది, ఆయనకన్నా మాట వింటుంది. నీకు ఇంకా బిళ్ళ లేదు కాబట్టి మేకుకు నా బిళ్ళ తగిలించాను. నీ పూచీ నాది. పరువు తీయకు.

నాన్నమ్మ


కొండ మీది పేట
మే 4

నాన్నమ్మకు,

దొరికిపోయాను. నల్లపెట్టె మంచం కిందే ఉంది. ఉంగరపువేలి సంగతి చదివాక గదిలో నువ్వెక్కడైనా దాక్కున్నావేమోనని తలుపు వెనక కూడా చూశాను.

నీ పది నంబరు పానా వచ్చింది. తొడగగానే బోల్టును కావలించుకున్నట్టుంది. ఆ తేడా చేతికి తెలిశాక ఇక ఆగలేకపోయాను. పీట వేసుకుని లెక్కపెట్టాను. ఏడు సైజులు, నువ్వన్నట్టే. పర్సులో బోల్టు, నూనె సీసా పట్టుకుని బజారుకు వెళ్ళాను. షాపాయన నేను ప్లేయరు వెలుతురుకు పెట్టి చూడటం గమనించి, "ఏమ్మా, మీదే వర్క్‌షాపు?" అన్నాడు. "నర్సునండీ" అన్నాను. "సూది కూడా ఇలాగే చూసి పొడుస్తావా?" అన్నాడు. చేతికి నూనె రాసుకునేసరికి నవ్వు ఆపేసి, "ఎవరు నేర్పారు?" అన్నాడు. "మా నాన్నమ్మ" అన్నాను. "ఆవిడ ఇటు రారుగా?" అని లోపలికెళ్ళి వేరే డబ్బా తెచ్చాడు.

ఇప్పుడు అసలు సంగతి. దగ్గుమహారాజు పూర్తిగా పడకేశాడు. కొండ ఎక్కేటప్పుడు బుసబుసమని శబ్దం, ఊపు లేదు. ఇంజను పైమూత, అదే హెడ్డు, విప్పి చూస్తే దాని కింద సందు లేకుండా వేసే గాస్కెట్టు ఒక పక్క కాలిపోయి ఉంది. కొత్తది తెప్పిస్తున్నాను, రెండు మూడు వారాలు పడుతుందట. ఈలోపు టైలరు గారి కోడలి సైకిలు వాడుతున్నాను. తొక్కేది తక్కువ, తోసేది ఎక్కువ. ఇళ్ళు తప్పడం లేదు కానీ ఏడో ఇంటికి చేరేసరికి మూడు గంటలు ఆలస్యం. పెద్దనర్సు గడియారం చూస్తోంది. ఇలా నెలంతా లాగలేను.

హెడ్డుకు నాలుగు నట్లు. నాలుగూ ఒకే బిగువుతో, పుస్తకంలో రాసిన కొలతకు బిగించాలట. తక్కువైతే మళ్ళీ కాలుతుంది, ఎక్కువైతే మర తెగుతుంది. నా చిన్నప్పుడు నీ దగ్గర బిగువు కొలిచే పొడుగాటి పానా ఉండేది. పిడి తిప్పి కొలత పెట్టేదానివి. సరిగ్గా ఆ బిగువు రాగానే 'టిక్కు'మనేది, నేను చప్పట్లు కొట్టేదాన్ని. టిక్కుపానా అనేవాళ్ళం. అది పంపు. నీ బిళ్ళ ఇంకోటి ఖర్చవుతుంది, అంతేగా.

పిడుగు


వెనకగది
మే 11

పిడుగుకు,

టిక్కుపానా పంపడం కుదరదు. సున్నితమైన వస్తువు, దారిలో దెబ్బ తింటుంది. నాలుగు నట్లే కదా, చేతి అంచనాతో సమంగా బిగించు. లేదంటే అక్కడి మెకానిక్కునే బిగించమను.

ఇక్కడ ఎండలు బాగా ముదిరాయి. టైలరు గారి కాలు ఎలా ఉంది?

నాన్నమ్మ


కొండ మీది పేట
మే 18

నాన్నమ్మకు,

ఈ ఉత్తరం నువ్వే రాశావా, పక్కింటావిడ చేత రాయించావా?

చేతి అంచనా! ఈ మాట నీ నోట రావడమే! అన్నంలో ఉప్పు కూడా చెంచాతో కొలిచి వేసే మనిషివి. "మెకానిక్కును బిగించమను" అట. పైగా ఎండల గురించి రాశావు. నా ఇరవై నాలుగేళ్ళలో నువ్వు వాతావరణం గురించి రాయడం ఇదే మొదటిసారి. మోకాలి గురించి మాట్లాడే నాన్నలాగే ఉంది.

పది నంబరు పానా పదిలంగా వచ్చింది. టిక్కుపానాకే దెబ్బ తగులుతుందా?

నాన్నకు ఫోను చేశాను. "టిక్కుపానా" అనగానే "అది వాడకు" అని పెట్టేశాడు. చేతకాని మనిషికి అది వాడకూడదని ఎలా తెలుసు?

గాస్కెట్టు వచ్చేసింది. హెడ్డు గుడ్డలో చుట్టి మంచం కింద పెట్టాను, నల్లపెట్టె పక్కన. జూన్ ఆఖరుకు ఆరు వారాలు. నువ్వు దాచేదేదో ఎత్తు పెరుగుతోంది నాన్నమ్మా. కంచం నీదే, మాటా నీదే.

పిడుగు


వెనకగది
మే 25

పిడుగుకు,

మూడు ఉత్తరాలు రాసి చింపేశాను. ఇది నాలుగోది.

తొమ్మిదేళ్ళ కిందట మా కింది వాటాలో ఒక టాక్సీ డ్రైవరు ఉండేవాడు. అతని కారు హెడ్డు మీ నాన్న విప్పి బిగించాడు. నువ్వు చదువుకు హాస్టల్లో ఉన్నావు కాబట్టి నీకు తెలియదు కానీ మీ నాన్న చేతులు అలాంటిలాంటి చేతులు కావు. ఇంజను మీద అరచెయ్యి ఆనించి రోగం చెప్పేవాడు. వర్క్‌షాపు పెట్టడానికి షెడ్డు కూడా మాట్లాడుకున్నాడు. పనికి నా టిక్కుపానా తీసుకున్నాడు, బిళ్ళ పెట్టాడు, తిరిగి తెచ్చి తగిలించాడు. అన్నీ రూలు ప్రకారమే.

అయిదో రోజున కారు నడిరోడ్డు మీద ఆగింది. హెడ్డు వదులై నీళ్ళన్నీ కారిపోయి ఇంజను పట్టేసింది. మెట్ల దగ్గర నలుగురూ పోగయ్యారు. "టిక్కుమందమ్మా, ప్రతి నట్టుకూ టిక్కుమంది. విన్నాను" అన్నాడు మీ నాన్న. నేను అందరి ముందూ, "టిక్కు రాకముందే చెయ్యి తీసుంటావు. నా పానా అబద్ధం చెప్పదు" అన్నాను.

ఆలోచించు. పానా అబద్ధం చెప్పదంటే ఎవరు చెప్పినట్టు?

వాడు వెనకగదిలోకి వెళ్ళి తన మూడో నంబరు బిళ్ళ తీసుకుని జేబులో వేసుకున్నాడు. షెడ్డు వదులుకున్నాడు. కాగితాల గోదాములో గుమాస్తాగా చేరాడు. మళ్ళీ పానా పట్టలేదు, వెనకగది గుమ్మం తొక్కలేదు.

ఏడాది తర్వాత ఏదో పని మీద డిపోకు వెళుతూ టిక్కుపానా కూడా తీసుకెళ్ళాను, అక్కడి పరీక్షబల్ల మీద చూపిద్దామని. వంద పెడితే డెబ్బై అయిదుకే టిక్కుమంది.

దాని పిడిలో స్ప్రింగు ఉంటుంది. వాడాక పిడి వెనక్కి తిప్పి స్ప్రింగు వదులు చేసి పెట్టాలి. బిగించే ఉంచితే నెలల తరబడి నలిగి నలిగి బలం పోతుంది, తొందరపడి టిక్కుమంటుంది. డిపోలో కొత్తవాళ్ళకు మొదటి రోజు మొదటి గంటలో నేను చెప్పే పాఠం అదే. టాక్సీ సంగతికి ముందు ఆ పానా ఆఖరుగా వాడింది నేను, నీళ్ళమోటారుకు. వదులు చేయకుండా తగిలించి, మా అక్క దగ్గరికి నాలుగు నెలలు వెళ్ళిపోయాను. మీ నాన్న కొలత మార్చుకున్నాడు, టిక్కు విన్నాడు, నమ్మాడు. నా పానా కాబట్టి నమ్మాడు.

దానికి "వాడకూడదు" అని ఎర్రచీటీ కట్టి బీరువా అడుగున పెట్టాను. ఎనిమిదేళ్ళు. మొదటి నెల సిగ్గు. తర్వాత "వాడికి ఉద్యోగం దొరికిందిగా" అన్న సాకు. ఆ తర్వాత అలవాటు.

నిన్న మళ్ళీ తీసి చూశాను. చీటీ విప్పేసి నీకు పంపుదామా అని ఒక్క క్షణం అనుకున్నాను. ఆ క్షణం గురించి నాకు ఎక్కువ సిగ్గుగా ఉంది. నీ నాలుగు నట్లూ అలాగే టిక్కుమనేవి. కొండ దారిలో ఎక్కడో నువ్వు ఆగిపోయేదానివి, నేను ఎండల గురించి ఉత్తరం రాసేదాన్ని.

ఈ ఉత్తరం మీ నాన్నకు చూపించు. నువ్వు చెబితే వాడికి తేలికగా ఉంటుంది.

నాన్నమ్మ


కొండ మీది పేట
మే 30

నాన్నమ్మకు,

నీ ఉత్తరం ఈ కవరులోనే తిప్పి పంపుతున్నాను. చిరునామా తప్పు. ఎవరికీ చూపించలేదు. నాన్నకు కాదు, తేలిక నీకు.

కోపం ఉంది, అబద్ధం చెప్పను. అయినా పొద్దున నీ పది నంబరు పానా వాడాను. బాగా పట్టింది.

వచ్చే ఆదివారం మొదటి ఆదివారం.

పిడుగు


వెనకగది
జూన్ 8

పిడుగుకు,

నిన్న వచ్చాడు. ఎప్పటి కుర్చీలోనే కూర్చుని, "మోకాలు ఎలా ఉందమ్మా?" అన్నాడు.

"మోకాలు చచ్చింది. టిక్కుపానా తప్పు చూపిస్తోంది. స్ప్రింగు వదలకుండా తగిలించింది నేను. టాక్సీ ఇంజను పోయింది నా వల్ల. నీకు టిక్కు వినిపించిన మాట నిజం" అన్నాను. ఎనిమిదేళ్ళు మోసిన మాట, టీ మీద మీగడ కట్టేంత సేపు కూడా పట్టలేదు చెప్పడానికి.

వాడు కప్పు కింద పెట్టాడు. "ఎంత తక్కువ?" అన్నాడు.

"నాలుగో వంతు."

"నాలుగో వంతు" అని తనలో తనే అనుకున్నాడు. "అవును. అంత తగ్గితే అయిదు రోజులే ఆగుతుంది." ఆ లెక్క తేలక ఎన్నాళ్ళు కొట్టుకున్నాడో ఆ మొహం చూస్తే తెలిసింది. తన చేతులు తిప్పి చూసుకున్నాడు, ఎవరివో తెచ్చి ఇచ్చినట్టు.

తర్వాత నేను భయపడ్డ ప్రశ్నే అడిగాడు. "ఎప్పుడు తెలిసింది?"

"ఎనిమిదేళ్ళయింది."

కప్పు పక్కకు జరిపాడు. తిట్టి ఉంటే బాగుండేది. తప్పయిందిరా అన్నాను. లేచాడు. బయటికి వెళ్ళిపోతాడనుకున్నాను. వెనకగదిలోకి వెళ్ళాడు.

బోర్డు ముందు నిలబడి, "దుమ్ము లేదే" అన్నాడు. "రోజూ తుడుస్తాను" అన్నాను. బీరువా తీసి ఎర్రచీటీతో సహా పానా చేతికిచ్చాను. వాడు జేబులోంచి ఇంటి తాళాల గుత్తి తీశాడు. గుత్తికి మూడో నంబరు బిళ్ళ ఉంది. ఇన్నేళ్ళూ అందులోనే తిప్పుతున్నాడు. విప్పి మేకుకు తగిలించి, పానా చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. తలుపు విసురుగా వేశాడా, మామూలుగా వేశాడా అని ఇప్పటికీ గుర్తు తెచ్చుకుంటున్నాను.

కానీ బిళ్ళ పెట్టి తీసుకెళ్ళాడు. అది నువ్వూ చూసుండాల్సింది.

నాన్నమ్మ


కొండ మీది పేట
జూన్ 24

నాన్నమ్మకు,

నాన్న వచ్చాడు! పోయిన శనివారం మొదటి బస్సుకు దిగి, సగం కొండ నడిచి వచ్చాడు. చంకలో గుడ్డ చుట్టిన పొడుగాటి పొట్లం. డిపోకు తీసుకెళ్ళి కొత్త స్ప్రింగు వేయించాడట. పరీక్షబల్ల వాళ్ళిచ్చిన కాగితం కూడా తెచ్చాడు. వంద పెడితే వందకే. నీ ఎర్రచీటీ మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు, ఎందుకో అడగలేదు.

మంచం కిందనుంచి హెడ్డు లాగుతుంటే నల్లపెట్టె కూడా బయటపడింది. ఒక సాకెట్టు తీసి వెలుతురుకు పెట్టి చూశాడు.

"ఇది ఎవరు కొన్నారు?"

"నేనే."

"మీ నాన్నమ్మకు తెలుసా?"

"నా చేతిరాత చూసి కనిపెట్టింది."

నవ్వాడు నాన్నమ్మా. పొట్ట పట్టుకుని నవ్వాడు.

"నువ్వే బిగించు" అని పక్కన పీట మీద కూర్చున్నాడు. ఎదురెదురు నట్లు, మూడు విడతలుగా. ఆఖరి విడతలో మొదటి నట్టుకు టిక్కుమంది. "వినిపించిందా?" అన్నాడు. "వినిపించింది నాన్నా" అన్నాను. రెండోదానికీ అడిగాడు, మూడోదానికీ అడిగాడు. అంత దగ్గర కూర్చుని ఎందుకు అడుగుతున్నాడో మూడోసారికి నాకు అర్థమైంది. నాలుగోది టిక్కుమన్నాక అడగలేదు. "నాకూ వినిపించింది" అన్నాడు. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ చాలాసేపు కూర్చున్నాడు.

దగ్గుమహారాజుకు ఇక ఆ పేరు సరిపోదు. నాన్నను వెనక కూర్చోబెట్టుకుని ఏడిళ్ళూ తిరిగాను, ఎక్కడా ఆగలేదు. టైలరు గారు గుమ్మం దాకా తనే నడిచి వచ్చారు. నాన్న ప్యాంటు చూసి, "ఎవరు కుట్టారండీ ఇది, పగవాళ్ళా?" అన్నారు. నిన్న పెద్దనర్సు రిజిస్టరు తిరగేసి, "దారి నీదే, ఇక నా బుర్ర తినకు" అంది. గదికొచ్చి తలుపేసుకుని గంతులేశాను.

నాన్న రెండు రోజులుండి వెళ్ళాడు. బస్సు ఎక్కించడానికి వెళితే, ఆగే చోటికి పక్కన ఒక ఖాళీ షెడ్డు ఉంది, దాని ముందు నిలబడిపోయాడు. "ఏమిటి నాన్నా?" అంటే, "పైకప్పు బాగుంది" అన్నాడు. బస్సు రెండుసార్లు హారను కొట్టింది.

తలుపు సంగతి అడిగాను. విసురుగా వేయలేదట. గాలికి పడిందట.

పిడుగు


వెనకగది
జూలై 1

పిడుగుకు,

మీ నాన్న మొన్న వచ్చాడు, మొదటి ఆదివారం రాకుండానే. ముందుగదిలో ఆగలేదు. వెనకగదిలో పీట వేసుకుని, నా మీద కోపం ఇంకా పూర్తిగా పోలేదని చెప్పాడు. పోనక్కర్లేదన్నాను. తర్వాత షెడ్డుకు ఏమేం పనిముట్లు కావాలో ఇద్దరం కూర్చుని గంటన్నర పోట్లాడుకున్నాం. వాడికి పన్నెండు మూలల సాకెట్లు ఇష్టమట. నా కడుపున ఎలా పుట్టాడో.

నీకు ఇత్తడి బిళ్ళ కొట్టించాను. నాలుగో నంబరు. పంపడం లేదు. పది నంబరు గుర్తు పక్కన, మేకుకు తగిలించాను. నా బిళ్ళ నేను తీసేసుకున్నాను. ఇక నీ పూచీ నీదే.

టిక్కుపానా ఇంకా వాడి దగ్గరే ఉంది. దాని మేకుకు మూడో నంబరు వేలాడుతోంది. తుడిచేటప్పుడు ఆ బిళ్ళ పక్కకు జరిపి తుడిచి, మళ్ళీ సరిగ్గా పెడుతున్నాను. తొందరేం లేదు, ఎన్నాళ్ళయినా ఉంచుకోమను.

పని అయ్యాక మాత్రం స్ప్రింగు వదులు చేసి పెట్టమను. ఆ మాట వాడికి నేను చెప్పలేను. నువ్వు చెప్పు.

నాన్నమ్మ